పన్నెండో సైకిల్ ఎక్కడ?

ఆ ఆదివారం సైకిల్ నన్ను 9 కిలోమీటర్లు మోసింది. నేను సైకిల్‌ని 2 కిలోమీటర్లు మోశాను. ఆ తొమ్మిదీ ఎలా గడిచాయో సరిగ్గా గుర్తులేదు. ఈ రెండూ మాత్రం జన్మలో మర్చిపోను.

వికారాబాద్ దాటాక, అనంతగిరి కొండల దిగువన జరిగిందిది. ముందురోజు రాత్రి అక్కడ వాన కొట్టిందని మాకు తెలీదు. ఎర్రమొరం ఉన్నంతసేపూ బండి హాయిగా పోయింది. ఒకచోట దారి చేను గట్టు పక్కకి మళ్లింది. నేల రంగు మారింది. నల్లరేగడి! పది గజాలు పోయానో లేదో వెనక చక్రం తిరగడం మానేసింది. టైరుకీ ఫ్రేముకీ మధ్య ఉండే సందులో మట్టి పిండిముద్దలా కూరుకుపోయింది. పుల్ల తీసుకుని గీకా. నాలుగు చుట్లు తిరిగేసరికి మళ్లీ నిండిపోయింది. బ్రేకుల్లో మట్టి, చైన్‌లో మట్టి, షూ కింద ఒక్కోదానికి కిలో మట్టి. ఇంక చేసేదేముంది, భుజానికెత్తుకున్నా.

పక్క చేలో కలుపు తీస్తున్న ఒక పెద్దావిడ నడుం నిటారు చేసి చూసింది.

"ఏం బిడ్డా, సైకిల్ ఖరాబైందా?"

"లేదమ్మా, మంచిగనే ఉంది."

"మరి మోస్తున్నవేంది?"

"ఊకెనే... సరదాకి."

ఆవిడ కాసేపు నన్నూ, కాసేపు సైకిల్‌నీ చూసింది. ఇంకేం అడగలేదు. వంగి తన పని తను చేసుకుంది. ఆ చూపు ముందు నా బీటెక్ డిగ్రీ ఎందుకూ పనికిరాలేదు.

మౌంటెన్ బైకింగ్ అంటే రీల్స్‌లో కనిపించేది వేరే. గోప్రో కెమెరా, స్లోమోషన్‌లో గాల్లోకి లేచే చక్రం, వెనక డీజే మ్యూజిక్. భుజం మీద సైకిల్, మోకాళ్లదాకా మట్టి ఉన్న వీడియో ఎవరూ పెట్టరు. నేనూ పెట్టలేదు.

కైంచీ నుంచి కొండ దాకా

మాది జనగామ దగ్గర ఊరు. నాన్న అట్లాస్ సైకిల్ మీద కైంచీ తొక్కి నేర్చుకున్నా. తెలియని వాళ్లకి చెప్తా. సీటు అందనంత చిన్నప్పుడు, ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకి వంచి తొక్కడమే కైంచీ. చెరువుకట్ట మీంచి ఎన్నిసార్లు దొర్లానో లెక్కలేదు. ఇంటర్‌కి వచ్చాక సైకిల్ పోయింది. బీటెక్‌లో బైకు వచ్చింది. ఉద్యోగంలో కుర్చీ వచ్చింది, దాని వెనకే నడుంనొప్పి వచ్చింది.

2023లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. ఆఫీసుకి దగ్గరే కదాని ఒక గేర్ల సైకిల్ కొని అక్కడ తొక్కడం మొదలెట్టా. ఎండ తగలదు, కార్లు రావు, నున్నటి దారి. మంచి ట్రాకే, కాదనను. కానీ నెల తిరిగేసరికి ట్రెడ్‌మిల్ మీద ఉన్నట్టే అనిపించింది. ఒకరోజు నీళ్లు తాగుతుంటే పక్కన ఒకాయన సైకిల్ కనబడింది. ట్రాక్టర్ టైర్లకి తమ్ముడిలా లావు టైర్లు, ముందు ఫోర్కులో షాకప్స్, ఒళ్లంతా గీతలు.

"అన్నా, ఈ టైర్లేసుకుని ఈ ట్రాక్ మీద ఎందుకు?" అనడిగా.

"ఇక్కడ వార్మప్‌కే తమ్మీ. ఆదివారం ఖాజాగూడ రా, చూపిస్తా" అన్నాడు.

అలా ఇరుక్కున్నా.

ఖాజాగూడ గుట్టలు మీలో చాలామంది కారు అద్దంలోంచి చూసే ఉంటారు. ఐటీ టవర్ల మధ్య పెద్ద పెద్ద బండరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయే, అవి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది. ఆ రాళ్ల మీద సైకిల్ తొక్కొచ్చని నాకు ఆ రోజే తెలిసింది. తొక్కలేనని కూడా ఆ రోజే తెలిసింది.

ఈ ఆట పుట్టింది అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో. 1970లలో అక్కడి కుర్రాళ్లు పాతసామాన్ల కొట్లలో దొరికే లావు టైర్ల సైకిళ్లు తెచ్చుకుని కొండ మట్టిదారుల్లో కిందికి తోలేవాళ్లు. వాటికి వెనక చక్రం ఇరుసులోనే బ్రేకు ఉండేది, పెడల్ వెనక్కి తొక్కితే పడేది. కొండ దిగేసరికి లోపలి గ్రీజంతా కాలి పొగలొచ్చేది. ప్రతిసారీ మళ్లీ గ్రీజు కూరాల్సొచ్చేది. అందుకే 1976లో అక్కడ మొదలైన పందేనికి 'రీప్యాక్' అని పేరు పెట్టారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఇదొక పోటీ అయిపోయింది. మొత్తానికి పాత సైకిల్‌ని పాడుచేసుకునే సరదాతో పుట్టిన ఆట ఇది. నాన్న అట్లాస్‌ని చెరువుకట్ట మీంచి దొర్లించినప్పుడు నేను చేసిందీ అదేనని ఇప్పుడు ఇంట్లో వాదిస్తుంటా.

ఒకటి, రెండు, మూడు...

మా క్లబ్బుకి ఆఫీసు లేదు, బోర్డు లేదు, ప్రెసిడెంట్ లేడు. ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో రోజూ గొడవలుంటాయి. ట్యూబ్‌లెస్ మంచిదా ట్యూబు మంచిదా అన్న దానిమీద ఇద్దరు మూడు వారాలు మాట్లాడుకోలేదు. రెండు లక్షల సైకిల్ కొని, రెండు రైడ్లకి వచ్చి, ఆ తర్వాత గ్రూపులో సలహాలిస్తూ బతికేవాళ్లూ ఉన్నారు. స్ట్రావాలో నంబర్ కోసం ముసలమ్మ పక్కనుంచి కూడా స్పీడు తగ్గించకుండా పోయేవాడొకడు ఉండేవాడు. వాణ్ని పంపించేశాం.

ఉండేవాళ్లు ఉన్నారు. ఒక డాక్టరక్క. యాభై దాటిన బ్యాంకు సార్. సైకిళ్ల రిపేరు షాపు నడిపే అన్న, మేమంతా పంక్చరన్న అంటాం, ఆయన ఏమీ అనుకోడు. డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు, కొండెక్కేటప్పుడు వాళ్లని చూస్తే కోపం వస్తుంది. మిగతా అందరం నాలాంటి కుర్చీ బ్యాచ్.

మా క్లబ్బు నియమం ఒక్కటే. ముందు ఒకరు దారి చూపిస్తూ వెళ్తారు. అందరికంటే వెనక ఒకరు వస్తారు, ఆ మనిషిని స్వీప్ అంటాం. స్వీప్ ఎవరినీ దాటి ముందుకి రాకూడదు. దారి చీలిన ప్రతిచోటా ముందున్నవాళ్లు ఆగాలి. ఆగి లెక్క చెప్పుకోవాలి. ఒకటి, రెండు, మూడు... చివరి నంబర్ స్వీప్ చెప్పాలి. అప్పుడే బండి కదిలేది.

నా మొదటి అనంతగిరి రైడ్‌లో మేం 12 మందిమి. హైదరాబాద్ నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి కార్ల మీద సైకిళ్లు కట్టుకుని బయల్దేరాం. చేవెళ్ల దారిలో మర్రిచెట్లు చీకట్లో పందిరిలా కమ్ముకుని ఉన్నాయి. కొండ మీదికి చేరేసరికి అప్పుడే వెలుగొస్తోంది. అనంతపద్మనాభస్వామి గుడి దగ్గర గంట మోగింది. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. 1908 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌ని ముంచెత్తిన మూసీ, ఆ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్ కట్టడానికి కారణమైన మూసీ, ఇక్కడ చూస్తే మన సైకిల్ చక్రం తడిస్తే గొప్ప అన్నట్టుంటుంది.

ఆ రోజు నేను తప్పిపోయా. టేకుచెట్ల మధ్య ఫొటో కోసం ఆగా. స్వీప్‌గా వస్తున్న బ్యాంకు సార్‌కి చెప్పకుండా పక్కదారిలోకి దూరా. ఆయన నేను ముందుకెళ్లాననుకుని వెళ్లిపోయారు. ఫొటో తీసుకుని చూస్తే ఎవరూ లేరు. సిగ్నల్ లేదు. ఎండుటాకుల మీద నా చక్రం చప్పుడు నాకే భయం పుట్టించింది. ఎటుపోయినా ఒకేలాంటి చెట్లు. నీళ్లు సగం బాటిల్. అడవి పెద్దదేం కాదు, పులులేం లేవు, అన్నీ తెలుసు. అయినా గుండె గొంతులోకి వచ్చింది.

అరగంట తిరిగాక మేకలు కాసే తాత కనబడ్డాడు. నన్ను చూసి తనే అన్నాడు: "మీవోళ్లు ఆ మర్రి కాడ కూసున్నరు. ఒకాయన నిన్ను దేవులాడుకుంట ఇటే వస్తున్నడు."

బ్యాంకు సార్ ఎదురొచ్చారు. చొక్కా తడిసి ముద్దయింది. తిడతారనుకున్నా. "వచ్చావా? పద, లెక్క ఆగిపోయింది" అన్నారంతే. చీలిక దగ్గరికెళ్తే 10 మంది మర్రిచెట్టు కింద కూచుని ఉన్నారు. నలభై నిమిషాలుగా కూచునే ఉన్నారు. ఎండెక్కుతోంది, ఒకరికి మధ్యాహ్నం పెళ్లికి వెళ్లాలి. సారీ చెప్పబోతే డాక్టరక్క జామకాయ ముక్క చేతిలో పెట్టింది. "పన్నెండో సైకిల్ ఎక్కడ, పన్నెండో సైకిల్ ఎక్కడ అని పంక్చరన్న పదిసార్లు అరిచాడు, వినబళ్లేదా?" అంది. వినబళ్లేదు. ఆఫీసులో నేను రెండు నిమిషాలు లేటైతే స్టాండప్ మీటింగ్ అయిపోతుంది. నేను రాలేదని కూడా ఎవరూ గమనించరు. ఆ మర్రిచెట్టు కిందే నేను ఈ క్లబ్బుకి పడిపోయా.

పల్లేరుకాయలు, ప్రీకాస్ట్ గోడలు

కష్టాలు చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది.

మొదటిది పల్లేరుకాయ. చిన్నప్పుడు వట్టికాళ్లతో తిరిగినవాళ్లకి దీన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. అమెరికాలో కూడా మౌంటెన్ బైకర్లకి ఇదే శత్రువట, అక్కడ మేకతల అంటారు. ఒక రైడ్‌లో నా రెండు టైర్లలోంచి 17 ముళ్లు తీశాం. ఆ తర్వాతే ట్యూబులు తీసేసి, టైర్‌లో రబ్బరు పాలలాంటి ద్రవం పోయించా. ముల్లు దిగితే ఆ పాలు బయటికొచ్చి చిల్లు దగ్గర గడ్డకడతాయి. సర్కారుతుమ్మ ముల్లుకి అదీ సరిపోదనుకోండి, అది వేరే సంగతి.

రెండోది డబ్బు. నా సైకిల్ సెకండ్ హ్యాండ్‌లో 38 వేలు. ఆ తర్వాత హెల్మెట్, గ్లవ్స్, మోకాలి ప్యాడ్లు, ఏడాదికోసారి టైర్లు, మట్టి తిని అరిగిపోయే చైన్లు, బ్రేక్ ప్యాడ్లు. ఎవరైనా చేరతానంటే మేం ముందు చెప్పేది, మంచి హెల్మెట్ కొను, పాత సైకిల్ తెచ్చుకో అని. రెండు లక్షలది కొంటే కొండ చిన్నదవదు.

మూడోది మగవాళ్లం పెద్దగా పట్టించుకోనిది. డాక్టరక్క ఒకసారి తిట్టేదాకా నాకు తట్టనే లేదు. "మీరు ఏ చెట్టు వెనకైనా ఆగుతారు. నేను నీళ్లు తాగకుండా 30 కిలోమీటర్లు తొక్కుతున్నా, తెలుసా?" అంది. అప్పట్నుంచి రూటు వేసేటప్పుడు మధ్యలో బాత్రూం ఉన్న హోటలో, బంకో ఉండేలా చూస్తున్నాం. ఆ మార్పు వచ్చాక ఇంకో ముగ్గురమ్మాయిలు చేరారు. రెండేళ్లు ఆ ఒక్కమాట ఆవిడే మోసింది. ఇది మేం గొప్పగా చెప్పుకునేది కాదు.

నాలుగోది మా చేతిలో లేనిది. పోయిన చలికాలం తొక్కిన దారికి ఈ చలికాలం వెళ్తే ప్రీకాస్ట్ గోడ ఉంటుంది. గోడ లోపల నాలుగు తెల్లరాళ్లు, ఒక గేటు, గేటు మీద ఏదో కౌంటీ అని పేరు. పూడూరు దగ్గర దామగుండం అడవిలో 2024 అక్టోబర్‌లో నేవీ కమ్యూనికేషన్ స్టేషన్‌కి శంకుస్థాపన జరిగింది. దానికిచ్చింది దాదాపు 2,900 ఎకరాల అడవి. దేశరక్షణ అవసరమా, అడవి అవసరమా అనేది నాకంటే తెలిసినవాళ్లు తేల్చాలి. నాకు తెలిసిందల్లా అక్కడ వానాకాలంలో బురద ఏ వాసనొస్తుందో, అంతే.

అప్రైజల్

అనంతగిరి నుంచి దిగే ఒక దారిలో నడుమెత్తు రాతిమెట్టు ఉంది. దాని కింద ముప్పై అడుగుల వాలు, నిండా గోలీల్లాంటి మొరం రాళ్లు. దానికి మేం పెట్టుకున్న పేరు 'అప్రైజల్'. ఎంత ప్రిపేరై వెళ్లినా కిందికే పోతాం కాబట్టి.

దిగే పద్ధతి ఉంది. పెడళ్ల మీద నిలబడి, నడుం సీటు వెనక్కి తొయ్యాలి. బ్రేకులు రెండూ కొంచెం కొంచెంగా, ఒక్కో వేలితో నొక్కాలి. కళ్లు రాయి మీద కాదు, రాయి పక్కనున్న దారి మీద ఉండాలి. చూపు ఎటుంటే చక్రం అటే పోతుంది. ఇదంతా నాకు తెలుసు. మూడుసార్లు దిగాను కూడా.

నాలుగోసారి, పోయిన నవంబర్‌లో, రాయిని చూశా.

ముందు బ్రేకు మొత్తం నొక్కేసినట్టున్నా. సైకిల్ ఆగింది, నేను ఆగలేదు. హ్యాండిల్ మీదుగా ఎగిరి ఎడమ భుజం మీద పడ్డా. చప్పుడు వినిపించింది. ఎండుపుల్ల విరిగినట్టు, చిన్న చప్పుడు. డాక్టరక్క వచ్చి భుజం మీద వేళ్లతో తడిమి, "కాలర్ బోన్" అంది. పంక్చరన్న బ్యాగులోంచి పాత ట్యూబు తీసింది. దాంతోనే నా చెయ్యి మెడకి కట్టింది. రోడ్డు దాకా 3 కిలోమీటర్లు నడిచాం. పంక్చరన్న తన సైకిల్ తోసుకుంటూ, నాది వీపున మోస్తూ వచ్చాడు. ప్రతి చీలిక దగ్గరా ఆగి, ఆ పరిస్థితిలో కూడా, లెక్క చెప్పుకున్నారు. నా నంబర్ నేనే చెప్పా.

ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఆరు వారాలు చెయ్యి కట్టుకుని ఉండమన్నారు. అమ్మకి ఫోన్లో "బాత్రూంలో జారిపడ్డా" అని చెప్పా.

మర్నాడు మధ్యాహ్నానికి అమ్మ మేకకాళ్లు సంచిలో పెట్టుకుని దిగింది. రోజూ పాయ వండింది. రెండోరోజు సాయంత్రం బజారుకెళ్లి బాత్రూంలోకి రబ్బరు మ్యాట్ కొనుక్కొచ్చింది. కాలితో తొక్కి, జారడం లేదని రెండుసార్లు చూసుకుని మరీ పరిచింది. రోజూ పొద్దున్నే దానిమీద కాలుపెట్టి పళ్లు తోముకుంటుంటే నాకు అద్దంలో నా మొహం చూడబుద్ధయ్యేది కాదు.

క్లబ్బువాళ్లు ఒక్కొక్కరే చూడ్డానికొచ్చారు. నా మొహం చూసి అందరూ ఆఫీసు కొలీగ్స్ అయిపోయారు. డాక్టరక్క చేతులు కడుక్కోడానికి వెళ్లి, ఆ మ్యాట్ చూసి, బయటికొచ్చి అమ్మతో చాలాసేపు కబుర్లు చెప్పింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నాతో మాత్రం మెల్లగా అంది: "మన షీట్‌లో ఎమర్జెన్సీ నంబర్ కింద నీ రూమ్మేట్‌ది ఇచ్చావు. అది మార్చి, మీ ఇంటి నంబర్ రాసేదాకా రైడ్‌కి రావద్దు. ఆవిడకి ఫోన్ చెయ్యాల్సొస్తే బాత్రూం అని నేను చెప్పను."

చెయ్యి ఆరు వారాల్లో అతుక్కుంది. ఆ నంబర్ మార్చడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఒక రాత్రి ఫోన్లో మొత్తం చెప్పేశా. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కాల్ కట్టయిందేమోనని స్క్రీన్ చూసుకున్నా. అప్పుడంది: "ఆ మ్యాట్‌కు నాలుగొందలు పెట్టిన కదరా."

ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

మళ్లీ అదే మెట్టు

తిరిగి వెళ్లిన మొదటి రోజు నుంచే నా కాళ్లు వేరే మనిషివి. ఎక్కేటప్పుడు పర్లేదు. దిగుడు కనిపిస్తే చాలు, ఎడమ భుజం తనంతట తనే బిగుసుకుంటుంది. బ్రేకు లీవర్ల మీంచి వేళ్లు లేవవు. రెండు రైడ్లు అలాగే అయ్యాయి. మూడోదానికి బ్యాంకు సార్ "ఈసారి స్వీప్ నువ్వు రా. స్పీడుతో పని లేదు" అన్నారు.

పోయిన నెలలో 9 మందిమి వెళ్లాం. నేను చివర. నా ముందు కొత్తగా చేరిన తమ్ముడు, ఇంజనీరింగ్ ఫైనలియర్. వెనకనుంచి చూస్తూ తొక్కడంలో వేరే రకం అలసట ఉంది. వాడి గేరు తప్పు పడితే నా పళ్లు కొరుక్కుంటా, వాడి చక్రం జారితే నా పొట్టలో తిప్పుతుంది. రెండేళ్లు బ్యాంకు సార్ నా వెనక ఏం పడ్డారో ఆ పూట తెలిసింది.

అప్రైజల్ దగ్గరికొచ్చేసరికి ఆరుగురు దిగిపోయారు. డాక్టరక్క ఏడో మనిషి, ఆవిడ దిగుతుంటే రాళ్లు చప్పుడు చెయ్యడానికి కూడా భయపడినట్టుంది. తమ్ముడు మెట్టు అంచున ఆగిపోయాడు. ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద. కింద ఆరేడు మొహాలు పైకి చూస్తున్నాయి.

"అన్నా, మీరు ముందు దిగండి, చూసి నేర్చుకుంటా" అన్నాడు.

స్వీప్ దాటకూడదు కదా. నాకు మంచి సాకు దొరికింది. కానీ వాడి మెడ మీద చెమట చూస్తే సాకు చెప్పబుద్ధి కాలేదు.

"నేను ఇక్కడే పడ్డా తమ్మీ. ఈ భుజమే. ఇవాళ నేనూ దిగి నడిచే పోతున్నా" అన్నా.

"నడవొచ్చా?"

"రూల్‌బుక్‌లో నడవకూడదని లేదు. రూల్‌బుక్కే లేదు."

ఇద్దరం సైకిళ్లు దిగాం. వెనక బ్రేకు పట్టుకుని, పక్కకి తిరిగి, మొరం మీద మడమలు గుచ్చుకుంటూ కిందికి నడిచాం. మధ్యలో వాడు జారాడు, వాణ్ని పట్టుకోబోయి నేనూ జారా. ఇద్దరం సైకిళ్లతో సహా కూచున్నట్టే ఐదారడుగులు వచ్చేశాం. కింద డిగ్రీ పిల్లలిద్దరూ చప్పట్లు కొట్టారు. వాళ్ల మీద నాకున్న కోపం ఇంకా పోలేదు.

పంక్చరన్న లెక్క మొదలెట్టాడు. ఏడు దాకా వచ్చింది. తమ్ముడు "ఎనిమిది" అన్నాడు. నేను "తొమ్మిది" అన్నా. బండ్లు కదిలాయి.

వికారాబాద్‌లో మిర్చి బజ్జీలు తింటుంటే ఫోన్ మోగింది.

"ఏడున్నవ్‌రా?"

"వికారాబాద్‌ల ఉన్నమ్మా."

"సైకిలేనా?"

"ఊఁ."

కాసేపు ఏమీ లేదు. వెనక టీవీ చప్పుడు వినబడుతోంది.

"పడ్డవా?"

"కొంచెం. కూసున్నట్టే జారిన. ఏం కాలే."

"ఎవలన్న ఉన్నరా ఎంబడి?"

"ఎనిమిది మంది ఉన్నరు."

"సరే, తిని బయల్దేరు. ఇంటికి పోయినంక ఫోన్ చెయ్."